పట్టు వదలని గ్రిప్ ప్లయర్

కటింగ్ ప్లయర్ కొనడానికి వెళ్ళిన ఇంటాయన మొదట చూసేది రంగు. ఎర్ర పిడా, పసుపు పిడా అని కాసేపు తర్జనభర్జన పడి, చివరికి "నీలం లేదా?" అని అడుగుతాడు. తర్వాత బరువు చూస్తాడు, తర్వాత మెరుపు. పిడి మీద 'క్రోమ్ వెనేడియం' (గట్టి ఉక్కు రకం) అని అచ్చు కనిపించిందా, ఇక బేరం కుదిరిపోయినట్టే. ఆ అక్షరాలు గుద్దడానికి క్రోమియమూ అక్కర్లేదు, వెనేడియమూ అక్కర్లేదు. ఒక డై ఉంటే చాలు.

అసలు సంగతంతా దవడల దగ్గర ఉంటుంది. ప్లయర్‌ని మూసి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకోండి. కత్తిరించే అంచుల మధ్య వెలుగు గీత కనిపిస్తే అది వైరును తెంపదు, నములుతుంది. ముక్కు కొసలు రెండూ తిన్నగా ఎదురెదురుగా ఆనాలి. ఒకటి పక్కకి జరిగి ఉంటే ఆ జాయింటుది పుట్టు వంకర, వాడకంతో సర్దుకునేది కాదు. తర్వాత పిడుల్ని అటూ ఇటూ పక్కలకు ఆడించండి. రివెట్టు దగ్గర లొటలొటలాడకూడదు. అలాగని తెరవడానికి రెండు చేతులూ కావాల్సినంత బిగుతూ పనికిరాదు. ఆఖరి పరీక్షకి జేబులో ఒక ముక్క వైరు పట్టుకెళ్ళాలి. అందులోంచి ఒక్క రాగి పోగు తీసి అంచు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, కొసన ఒకసారి కత్తిరించండి. టక్కుమని తెగాలి. ఒక్కచోట నలిగి వేలాడినా తిరిగిచ్చెయ్యండి.

"సార్, కొంటారా, ఇంటర్వ్యూ చేస్తారా?" అంటాడు షాపతను. అననివ్వండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పాత షాపులవాళ్ళయితే వాళ్ళే ఇంకో ముక్క వైరు అందిస్తారు.

ఇంటి పెట్టెకి 8 అంగుళాలది చాలు. 6 అంగుళాలది చేతికి ముద్దొస్తుంది గాని మేకు తెంపాల్సి వస్తే పిడి పొడుగు చాలదు. మన దేశంలో ఈ రకం ప్లయర్లకి ఐ.ఎస్. 3650 అని ఒక ప్రమాణం ఉంది. ఆ నంబరూ ఐ.ఎస్.ఐ. గుర్తూ ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఫుట్‌పాత్ మీద కారుచౌకగా పన్నెండు పనిముట్లు ఇచ్చే సెట్టులో ఆ నంబరు వెతక్కండి, కళ్ళు నొప్పి.

పిడి మీది ప్లాస్టిక్ తొడుగు గురించి ఒక మాట. అది అరచేతి సుఖానికి తొడిగింది, ప్రాణరక్షణకి కాదు. కరెంటు పనికి పనికొచ్చేదాని మీద జోడు త్రికోణాల గుర్తూ, 1000 వోల్టులన్న అంకే ఉంటాయి. ఆ గుర్తు ఉన్నా సరే, ముందు మెయిన్ ఆపాల్సిందే. ఆపకుండా ఫేజునీ న్యూట్రల్‌నీ ఒకే కాటుకి తెంపినవాళ్ళ ప్లయర్లని ఇట్టే గుర్తుపట్టొచ్చు: అంచు మధ్యలో మినపగింజంత గుంట కరిగిపోయి ఉంటుంది. ఢామ్మన్న చప్పుడు, బోర్డులో ఎం.సీ.బీ. స్విచ్చు పడిపోవడం, హాల్లోంచి "సీరియల్ ఆగిపోయిందేంట్రా!" అన్న కేక, మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి.

ఇక కుళాయి దగ్గరికొద్దాం. ఆదివారం పొద్దున్నే బాత్రూములో కుళాయి కారుతోంది. మార్చాల్సింది అడుగునుండే రబ్బరు వాషరు, అంతే. తెలిసినవాడికి పావుగంట పని. ట్యాంకు దగ్గర గేట్ వాల్వు కట్టి, పైపులో మిగిలిన నీళ్ళు వదిలేసి, పైనున్న స్క్రూ విప్పి పిడి లాగేసి, దాని కింది ఆరు పలకల నట్టుని సరైన సైజు స్పానరుతో విప్పాలి. స్పిండిలు బయటికొస్తుంది, వాషరు దాని అడుగునే. ఇంటాయన దగ్గర స్పానరు లేదు, ప్లయర్ ఉంది. ప్లయర్ దవడలు స్పానరులా సమాంతరంగా ఉండవు, కోణంలో తెరుచుకుంటాయి. అందుకని పలకల్ని నిండుగా పట్టలేక మూలల్ని కొరుకుతాయి. నట్టు చూస్తే మెత్తటి ఇత్తడి. మొదటి తిప్పుకి క్రోమ్ పూత గీరుకుపోయింది. రెండో తిప్పుకి మూలలు అరిగాయి. ఇంకో రెండు తిప్పులకి అది ఏ పలకా లేని గుండ్రటి నట్టయింది.

"ఏమండీ, అయిపోయిందా?"

"అయిపోవచ్చింది!"

అయిపోవచ్చినది నట్టు.

అప్పుడు పక్కింటి నుంచి గ్రిప్ ప్లయర్, అంటే ఒకసారి మూస్తే చెయ్యి తీసినా పట్టు వదలని ప్లయర్, దిగింది. దీన్ని కనిపెట్టింది అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం డివిట్ అనే ఊళ్ళో కమ్మరి పనిచేసిన విలియం పీటర్సన్. బిగిసి ఆగిపోయే మీటతో పేటెంటు 1924లో వచ్చింది. సూత్రం మన మోకాలిదే: కాలు చాచి నిలబడితే మోకాలు బిగిసిపోయి బరువు మోస్తుంది, వెనకనుంచి చిన్న దెబ్బ తగిలితే మడతపడుతుంది. పిడుల మధ్యనున్న లింకు కూడా తిన్నటి గీతను కాస్త దాటగానే బిగిసిపోతుంది. లోపలి చిన్న మీట నొక్కితే వెనక్కి వచ్చేస్తుంది.

వాడే పద్ధతి సులువే. పిడులు మూసి, వెనకనున్న స్క్రూని తిప్పుతూ దవడలు వస్తువుకి ఆనేదాకా తేవాలి. పిడులు తెరిచి, స్క్రూని ఇంకో పావు చుట్టో అర చుట్టో బిగించి, మళ్ళీ మూయాలి. టక్కుమంటుంది, చాలు. ఇంటాయన అర చుట్టుతో తృప్తి పడే రకం కాదు. రెండు చుట్లు బిగించి, రెండు చేతులతో, చాలక తొడల మధ్య పెట్టి మూశాడు. టక్కుమంది. నట్టు కదల్లేదు. గ్రిప్పూ ఊడలేదు. మీట నొక్కితే రాదు, గట్టిగా నొక్కితే బొటనవేలు నొప్పి.

ఆ విధంగా కుళాయికి గ్రిప్పు స్థిరపడింది. మొదటి రోజు దానికి మగ్గు తగిలించారు. తర్వాత తువ్వాలు చేరింది. ఊరినుంచి వచ్చిన పెదనాన్నగారు "కొత్త మోడలా?" అని అడిగారు కూడా.

చివరికి వచ్చిన ప్లంబరు దాని వంక చూసి ఏమీ అనలేదు, అదే నయం. తన ప్లయర్‌తో వెనక స్క్రూ తలని పట్టి ముప్పావు చుట్టు వెనక్కి తిప్పాడు, అరచేయి పిడుల మధ్యలోంచి తప్పించుకుని మీట నొక్కాడు. ఫట్‌మని వచ్చేసింది. అరచేయి తప్పించడం ముఖ్యం. బిగువులో ఉన్న గ్రిప్పు వదిలేటప్పుడు ఎగిరి తోలు కరుస్తుంది. తర్వాత అదే గ్రిప్పుని కొలతగా బిగించి, కుళాయి ఒంటిని పైపు పానాతో ఆపి, నట్టు విప్పాడు. అలా ఆపకపోతే నట్టు బదులు కుళాయి మొత్తం తిరుగుతుంది, గోడలోపలి ప్లాస్టిక్ ఎల్బో పగిలితే టైల్స్ కూడా పగలగొట్టాలి.

గ్రిప్ ప్లయర్ ఎంచేటప్పుడు స్క్రూని చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడా పట్టేయకూడదు, గరగరలాడకూడదు. లోపలి లింకు మందంగా ఉండాలి. పల్చటి రేకు ముక్కని మడిచి పెట్టినవి నాలుగు బిగింపులకే వంగుతాయి, వంగాక ఇక మీట పనిచేయదు. పళ్ళు పైదానికి కిందిది సరిగ్గా ఎదురు పడాలి. షాపులోనే ఒక బోల్టుకి బిగించి, ఒక్క బొటనవేలితో విడిపించగలిగితేనే డబ్బులివ్వండి. 10 అంగుళాల వంపు దవడలది ఇంటికి సరిపోతుంది. ఇందులోనే సి ఆకారం క్లాంపు రకం వెల్డింగు చేసేవాళ్ళకీ వడ్రంగులకీ కావాలి. కొంటే కొసలకి ఊగే బిళ్ళలున్నది కొనండి, లేకపోతే చెక్క మీద గుంటలు పడతాయి.

కొన్నాక చేసే పాపాలు వేరే ఉన్నాయి. ప్లయర్‌ని సుత్తిగా వాడితే రివెట్టు వదులవుతుంది. బ్రేకు కేబులు, స్ప్రింగు తీగ తెంపబోతే అంచుకి గాటు పడుతుంది. పట్టకారు కనిపించలేదని ప్లయర్‌తో పొయ్యి మీద మేకు కాల్చే ఇళ్ళున్నాయి. ఉక్కు నీలం రంగుకి తిరిగిందంటే దాని పదును పట్టిన గట్టిదనం పోయినట్టే, మళ్ళీ నూరినా నిలవదు. నెలకొకసారి జాయింటులో కుట్టుమిషను నూనె చుక్క వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. డిసెంబరులో గడ్డకడుతుంది, పొద్దున్నే ప్లయర్‌ని ఎండలో పెట్టి వెచ్చచేసుకోవాల్సి వస్తుంది.