మహారాజశ్రీ ఐదు సిగ్మా గారికి, ఒక పీహెచ్‌డీ విద్యార్థి రాసుకున్న ఉత్తరం

అయ్యా,

ఫలితం వట్టి కాకతాళీయం కాదని ఎంత గట్టిగా అనొచ్చో చెప్పే కొలత సిగ్మా; మా కణ భౌతికశాస్త్రంలో ‘కనిపెట్టాం’ అనాలంటే దాటాల్సిన గడప మీరు. మీరు నన్నెరగరు. ఇప్పట్లో ఎరిగే అవకాశమూ లేదు, మన మధ్య ఇంకా 3.6 సిగ్మాల దూరం ఉంది.

నాలుగేళ్లుగా న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలను పట్టే టెలిస్కోప్ డేటాతో కుస్తీ పడుతున్నాను. 120 గెలాక్సీల జాబితా పెట్టుకుని, వీటిలో ఏదైనా మనవైపు న్యూట్రినోలు విసురుతోందా అని చూడటం నా పని. చూడటం అని పేరే కానీ, కోడ్ మొత్తం రాసి ఒప్పించేదాకా అసలు డేటా చూడనివ్వరు, కళ్లకు గంతలే. ముందే చూస్తే మనకు నచ్చిన జవాబు వచ్చేదాకా కట్‌లు (ఏ డేటా ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చే షరతులు) మార్చేస్తామని అనుమానం. (నిజం చెప్పాలంటే మార్చేసేవాణ్ణే.) గంతలు విప్పే అనుమతి కోసం రివ్యూల చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను, ఒకే ప్రశ్న ముగ్గురు మూడు రకాలుగా అడిగారు.

ఆ రోజు రానే వచ్చింది. జాబ్ సబ్మిట్ చేసి టెర్మినల్ ముందు కూర్చుంటే, ఒక గెలాక్సీ దగ్గర 3.2 సిగ్మా అని పడింది. లేచాను, కూర్చున్నాను, థీసిస్‌లో ఎవరెవరికి థ్యాంక్స్ చెప్పాలో కూడా అనేసుకున్నాను. కింది లైన్లో కరెక్షన్ వచ్చింది: 120 చోట్ల వెతికావు కదా నాయనా, ఎక్కడో ఒకచోట తగలకుండా ఉంటుందా? ఇదిగో నీ 1.4.

మీ గొప్పతనం కాదనను. వట్టి కాకతాళీయంగా మీ గడప దాకా రావడం దాదాపు 35 లక్షల్లో ఒక్కసారి జరిగే మాట. 2012 జులై 4న హిగ్స్ బోసాన్ కణమంతటిది మీ ముద్ర పడ్డాకే బయటికొచ్చింది. దక్షిణ ధ్రువం మంచులో 5,160 సెన్సర్లు దింపుకున్న ఐస్‌క్యూబ్ వాళ్లు 2022లో ఎన్‌జీసీ 1068 గెలాక్సీ నుంచి దాదాపు 79 న్యూట్రినోలు వచ్చాయని చూపిస్తే, 4.2 సిగ్మాయే కాబట్టి ‘ఆధారం’ అనుకోండి, ‘ఆవిష్కరణ’ అనకండి అన్నారు. అదీ పద్ధతే. 2015 డిసెంబర్లో ప్రోటాన్లను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రం డేటాలో 750 జీఈవీ (కణాల బరువు కొలిచే యూనిట్) దగ్గర కొత్త కణమేమో అనిపించే చిన్న గూని గ్రాఫ్‌లో కనిపించగానే సిద్ధాంతకర్తలు వందల పేపర్లు రాసిపడేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆగస్టుకల్లా కొత్త డేటా వచ్చి ఆ గూని కాస్తా చదునైపోయింది. మీరే గెలిచారు.

మరి 2011 సంగతేంటండీ? న్యూట్రినోలు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందే చేరాయని ఒపెరా ప్రయోగం వాళ్లు ప్రకటించినప్పుడు అది ఆరు సిగ్మా! మిమ్మల్ని దాటేసి లోపలికొచ్చి కూర్చుంది. తీరా చూస్తే అసలు కారణం సరిగ్గా బిగించని ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్. అంటే మీరు పట్టుకునేది గుడ్డి అదృష్టాన్నే, చేతకాని బిగింపుని కాదు. పద్ధతిగా పనిచేసిన నన్ను గుమ్మంలోనే ఆపి, వదులు కేబుల్‌కి పెద్దపీట వేశారు.

ఏమీ దొరకకపోవడం కూడా ఫలితమేనని మా గైడ్ గారు ఓదారుస్తున్నారు, ఆయనది పర్మనెంట్ ఉద్యోగం. నేను మాత్రం ‘ఏమీ కనిపించలేదు’ అన్న రెండు ముక్కల్ని నలభై పేజీల చాప్టర్‌గా ఎలా సాగదీయాలా అని కూర్చున్నాను.

నిన్న రాత్రి ఉండబట్టలేక నా కంప్యూటర్ వెనక కేబుళ్లన్నీ ఒక్కొక్కటిగా లాగి చూశాను. ఒక్కటీ వదులుగా లేదు, నా ఖర్మ.

ఇట్లు,
1.4 సిగ్మా