ముక్కలో ఏమీ లేదంటే ట్యూబులో ఉన్నట్టేనా?

మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారం: "గర్భం ట్యూబులో (అండవాహికలో) నిలిచిందని అనుమానమొస్తే స్కాన్లు, రెండ్రోజులకోసారి రక్త పరీక్షలు అక్కర్లేదు. ఓపీలోనే సన్న గొట్టంతో గర్భసంచిలోంచి ముక్క తీయించుకోండి. అందులో గర్భం ఆనవాలు లేకపోతే ట్యూబులో ఉన్నట్టే. మత్తు లేదు, రిస్కు లేదు."

ఓపీలో ముక్క తీస్తారన్నది నిజమే. పైపెల్ అనే ప్లాస్టిక్ గొట్టం లావు 3 మిల్లీమీటర్లే. మత్తు లేకుండానే తీయొచ్చు, కాసేపు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి ఉంటుంది.

"ఆనవాలు లేకపోతే ట్యూబులోనే" అన్నది మాత్రం తప్పు, మెసేజ్ అంతా నిలబడింది దాని మీదే. ల్యాబ్‌లో వెతికేది కోరియానిక్ విల్లై, అంటే మాయ తాలూకు సన్నటి పోగులు. అవి కనిపిస్తే గర్భం సంచిలోనే నిలిచిందని అర్థం. సంచిలో ఒకటి, ట్యూబులో ఒకటి ఒకేసారి నిలవడం సహజ గర్భాల్లో చాలా అరుదు, దాదాపు 30,000కు ఒకటి. ఐవీఎఫ్ చేయించుకున్న వాళ్లలో చాలా ఎక్కువ. కనిపించకపోతే? ట్యూబులో ఉండొచ్చు. సంచిలోదే అప్పటికే పడిపోయి ఉండొచ్చు. లేదా గొట్టం ఆ చోటును తాకనే లేదేమో. పైపెల్‌కు అందేది గర్భసంచి లోపలి పొరలో కొంత భాగమే. చేనులో ఒక మూల తవ్వి పల్లీ కాయలేదంటే ఎలా?

రిపోర్టులో "అరియాస్-స్టెల్లా" అని చూసి బెంబేలెత్తే వాళ్లూ ఉన్నారు. 1954లో ఆ మార్పును వివరించిన డాక్టరు పేరది. గర్భం హార్మోన్ పొర మీద పని చేసిందని మాత్రమే అది చెబుతుంది, గర్భం ఎక్కడుందో చెప్పదు.

అందుకే చాలాచోట్ల పైపెల్‌ను నమ్ముకోకుండా, చేత్తో నడిపే సిరంజితో సంచిని పూర్తిగా శుభ్రం చేసి (ఎంవీఏ), 12 నుంచి 24 గంటల్లో రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) మళ్లీ చూస్తారు. సగానికి పైగా పడిపోతే పోయిన గర్భం సంచిలోదేనని అనుకోవచ్చు. తగ్గకపోయినా, పెరిగినా ట్యూబు మీద అనుమానం బలపడుతుంది. ట్యూబులో గర్భాన్ని ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ అవసరం లేని మనిషికి పడకుండా ఆపడమే ఈ పరీక్ష అసలు ఉపయోగం.

స్కాన్లు, రక్త పరీక్షలు అక్కర్లేదా? ముక్క వంతు వచ్చేదే వాటి తర్వాత. బీటా హెచ్‌సీజీ మొదట 1500 లోపు ఉంటే, నిలిచే గర్భంలో 48 గంటల్లో అది కనీసం 49 శాతం పెరగాలి. నూటికి ఒకరిలో ఇంకా నెమ్మదిగానూ పెరుగుతుంది. 3500 దాటినా లోపలి నుంచి చేసే స్కాన్‌లో సంచిలో ఏమీ కనబడకపోతే అనుమానించాలి. ట్యూబులోనే పిండం గుండె కొట్టుకోవడం స్కాన్‌లో కనిపించిందా, ఇక ముక్కతో పనే లేదు.

రిస్కు లేదన్న మాట చదివితే నాకు కోపమొచ్చింది. నెల తప్పిన తేదీ సరిగా గుర్తులేని అమ్మాయికి అయిదో వారంలో స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు గొట్టం పెడితే, కోరుకున్న బిడ్డే పోవచ్చు. రక్తం నెగెటివ్ గ్రూపైతే తర్వాతి గర్భాలకు ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగాలి.

ఇంకొకటి, బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు చేతికి రావడానికి రోజులు పడుతుంది. ట్యూబు అన్నాళ్లు ఆగదు, ఈలోపే పగిలిపోవచ్చు. కళ్లు తిరిగినా, భుజం కొసన నొప్పి వచ్చినా, కడుపులో ఒక్కసారిగా పోటు లేచినా రిపోర్టు కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి పెద్దదవాఖానకు వెళ్లండి.