పడవకి ట్యాంకు ఒకటే, పన్నులు రెండు

మన దగ్గర ఇంటికి 14.2 కిలోల గ్యాస్ బండ, హోటల్‌కి 19 కిలోల బండ. ధర వేరు కాబట్టి బండ కూడా వేరు. బ్రిటన్ కాలువల మీద నేరోబోట్లలో కాపురం ఉండేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. ఏడడుగుల వెడల్పు కూడా లేని ఆ పడవల్లో చాలావాటికి డీజిల్ ట్యాంకు ఒక్కటే. ఇంజిన్ నడిచేది దానితోనే, చలికాలం హీటర్ మండేదీ, బ్యాటరీలు చార్జ్ అయ్యేదీ దానితోనే.

వీళ్లు కొనేది ఎర్ర డీజిల్. తక్కువ సుంకం ఇంధనమని గుర్తుపట్టేందుకు అందులో ఎర్ర రంగు కలుపుతారు. సొంత పడవలకి ఇచ్చిన ఈ మినహాయింపుకి యూరోపియన్ యూనియన్ అనుమతి 2006తో ముగిసింది. దాంతో 2008 నవంబర్ 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. పడవ నడపడానికి ఎంత, ఇంటి అవసరాలకి ఎంత అన్నది కొనేటప్పుడే రాసివ్వాలి. నడిపే భాగం మీద పూర్తి సుంకం కట్టాలి. 60 శాతం నడపడానికి, 40 శాతం ఇంటికి అని రాస్తే పన్నుల శాఖ ప్రశ్నించదు.

డబ్బు లెక్క చూద్దాం. 2022 మార్చిలో తగ్గించిన రేట్ల ప్రకారం పూర్తి సుంకం లీటరుకి 52.95 పెన్స్, ఎర్ర డీజిల్ మీద 10.18 పెన్స్. 100 లీటర్లకి 60/40 లెక్కన 35.84 పౌండ్లు అవుతుంది. అదే 20/80 అయితే 18.73 పౌండ్లే. దాదాపు సగం.

60/40 అనేది చట్టం పెట్టిన నిష్పత్తి కాదు. అది సౌకర్యం కోసం ఒప్పుకున్న అంకె. నిజమైన వాడకం వేరుగా ఉంటే వేరుగా రాసుకోవచ్చు, అడిగితే చూపించగలగాలి అంతే. కానీ కొందరు అమ్మకందారులు టెన్షన్ ఎందుకని 60/40 తప్ప మరో లెక్క తీసుకోరు. సౌకర్యం కోసం పెట్టిన అంకె కొనేవాడి దగ్గరికి వచ్చేసరికి నిబంధన అయిపోతోంది. నా అభ్యంతరం ఇక్కడే.

ఎందుకంటే, సొంత రేవు లేకుండా తిరిగే పడవ 1995 నాటి కాలువల చట్టం ప్రకారం మామూలుగా ఒకేచోట 14 రోజులకి మించి ఆగకూడదు. చలికాలంలో చాలామంది ఆ గడువు నాటికి కదిలేది ఒకటి రెండు గంటలే. నేరోబోట్ ఇంజిన్ గంటకి లీటరు, లీటరున్నర తాగుతుంది. రెండు గంటలకి మూడు లీటర్లు అనుకుందాం. 60/40 నిజం కావాలంటే ఆ రెండు వారాల్లో ఇంటికి రెండు లీటర్లే ఖర్చవ్వాలి. జనవరి చలిలో డీజిల్ హీటర్ మీద ఆధారపడిన కుటుంబానికి అది సాధ్యమేనా? బొగ్గు పొయ్యి ఉన్నవాళ్ల లెక్క కొంత వేరు. వాళ్లకైనా, ఎండ లేని ఆ రోజుల్లో బ్యాటరీల కోసం ఇంజిన్‌ని నిలబెట్టి తిప్పక తప్పదు. కదలని పడవలో తిరిగే ఆ ఇంజిన్ దీపాల కోసం తిరుగుతున్నట్టే. వేసవిలో మాత్రం విహారానికి వెళ్లే పడవకి 60 శాతం తక్కువే కావచ్చు. ఒకే అంకె ఇద్దరికీ సరిపోదు.

కచ్చితంగా విడదీయడం కుదరదన్నదీ నిజమే. పడవ కదులుతున్నప్పుడు అదే ఇంజిన్ స్నానానికి నీళ్లు కాస్తుంది, బ్యాటరీలూ నింపుతుంది. అందుకే వాడేవాడి మాట నమ్మడం సరైన పద్ధతి అంటాను. యూరోపియన్ న్యాయస్థానం అలా అనుకోలేదు. పూర్తి సుంకం కట్టాల్సిన చోట రంగు కలిపిన డీజిల్ వాడనివ్వడం తప్పని 2018 అక్టోబర్ 17న తీర్పిచ్చింది. రంగు ఉద్దేశం దెబ్బతింటుందన్న వాదనలో బలం ఉంది. కానీ కాలువ గట్టు మీద ఒకే ట్యాంకుతో నడిచే చిన్న బంకు రెండో ట్యాంకు ఎక్కడ పెడుతుంది? బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్లిపోయాక ఆ ఒత్తిడి ఉత్తర ఐర్లాండ్‌కే మిగిలింది. అక్కడ 2021లో సొంత పడవలు నడపడానికి ఎర్ర డీజిల్ ఆపేశారు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో 2022 ఏప్రిల్‌లో చాలా రంగాలకి ఎర్ర డీజిల్ తీసేసినా, పడవలకి పాత పద్ధతే ఉంచారు. మంచి నిర్ణయం.

ఇక చేయాల్సింది చిన్న పని. చాలా ఇంజిన్లకి గంటల మీటర్ ఎలాగూ ఉంటుంది. దానికి తోడు హీటర్ వాడకం ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే, దాన్నే ఆధారంగా ఒప్పుకుంటామని పన్నుల శాఖ స్పష్టంగా చెప్పాలి. ఆ లెక్క తప్పైతే బాధ్యత రాసిచ్చినవాడిదే, అమ్మినవాడిది కాదని కూడా చెప్పాలి. అప్పుడు బంకులో ఉన్నవాడికి 60/40 పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం ఉండదు.