పాత అంబాసిడర్ భాగాలకు బిల్లు కావాలి

50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని, అసలు రూపం చెడని కారును వింటేజ్ వాహనంగా నమోదు చేసుకునే వీలును కేంద్రం 2021 జులైలో కల్పించింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేస్తే ఆ గుర్తింపు దక్కదు. షరతు న్యాయమైనదే. అయితే 1970ల తొలినాళ్ల మార్క్ 2 అంబాసిడర్‌ను నిలబెట్టడానికి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పాడా కర్మాగారంలో ఉత్పత్తి 2014 మేలోనే ఆగిపోయింది. చాలా భాగాలకు మూలపడ్డ మరో అంబాసిడరే దిక్కు. 2021 సెప్టెంబరులో, పాత బండ్లను విప్పి నుజ్జుచేసే తుక్కు కేంద్రాల నిబంధనలు కూడా వచ్చాయి. ఒక నిబంధన కాపాడమంటున్న కారుకు కావలసిన సామాను, మరో నిబంధన కింద నుజ్జయ్యే ప్రమాదం ఉంది.

పాత భాగమంటే నాసిరకమని కొట్టిపారేయడం తప్పు. అలాగని తెచ్చింది తెచ్చినట్టు బిగించడమూ తప్పే. ఈ కారు 1489 సీసీ ఇంజిన్ హెడ్డునే, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగాన్నే చూడండి. అది సీసం కలిపిన పెట్రోలు కాలం నాటిది. ఆ సీసం వాల్వు సీట్ల మీద, అంటే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనుకునే అంచుల మీద పొరలా నిలిచి అరుగుదలను ఆపేది. 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే దొరుకుతోంది. దాంతో పోత ఇనుములోనే మలిచిన ఎగ్జాస్ట్ (పొగ బయటికి పంపే) వాల్వుల సీట్లు అరిగి, వాల్వులు లోపలికి దిగిపోతాయి. వాల్వులను కదిలించే ట్యాపెట్ల దగ్గర ఉండాల్సిన సందు మూసుకుపోయి, వాల్వులు సరిగా మూసుకోక సిలిండర్లలో కంప్రెషన్ (ఒత్తిడి) తగ్గుతుంది. కాబట్టి తుక్కులో దొరికిన హెడ్డుకు ముందు వంపు కొలవాలి, సీట్ల మధ్య పగుళ్లు వెతకాలి, లేతు షాపులో గట్టి లోహపు సీట్లు వేయించాలి. ఇది మరమ్మతు. రవాణా అధికారులు దీన్ని మార్పుగా లెక్కించకూడదు. 1990లలో వచ్చిన ఇసుజు ఇంజిన్‌ను మార్క్ 2లో దించితే మాత్రం అది నిస్సందేహంగా మార్పే.

బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ రబ్బర్లు మాత్రం ఎంత బాగున్నట్టు కనిపించినా పాతవి వాడకూడదు. అక్కడ మనుషుల ప్రాణాలున్నాయి.

ఇక అసలు చిక్కు భాగం ఎక్కడిదో తెలియకపోవడం. మేరఠ్‌లోని సోతీగంజ్ బజారు దొంగ వాహనాల విడిభాగాలకు పేరుమోసి, 2021 డిసెంబరులో పోలీసు చర్యలతో మూతపడింది. అలాంటి చోట్ల నిజాయితీగా పాత సామాను అమ్ముకునేవారి మీదా అనుమానం పడుతుంది. తీసిన ప్రతి పెద్ద భాగానికి దాత కారు, అంటే ఆ భాగం తీసిన కారు రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు రాసిన బిల్లు ఇస్తే కొనేవాడికి భరోసా, అమ్మేవాడికి గౌరవం దక్కుతాయి. తుక్కు కేంద్రాలు పాత మోడళ్ల భాగాలను ఇలాంటి బిల్లుతో పక్కన పెట్టి అమ్మాలి.

దాతను ఎంచుకోవడంలోనూ నిగ్రహం కావాలి. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అడుగు రేకును, తలుపుల కింది సిల్లులను తుప్పు పూర్తిగా తినేసిన బండినే విప్పాలి. గట్టి బాడీతో, చిన్న మరమ్మతుతో రోడ్డెక్కగల కారును ఒక్క గ్రిల్లు కోసమో గేర్‌బాక్సు కోసమో ముక్కలు చేయడాన్ని నేను సమర్థించలేను.