‘వాడని ఫైళ్ళ’ జాబితాను గుత్తగా తుడిచేయమనే సలహాకు ఖండన

సాఫ్ట్‌వేర్ వాడేవారికి సహాయ పేజీలు అందించే పెద్ద హెల్ప్ ప్రాజెక్టులు నిర్వహించే సాంకేతిక రచయితల మధ్య కొంతకాలంగా ఒక సలహా చేతులు మారుతూ ఉంది. దాని సారాంశం ఇది: ‘రచనా సాధనం వాడని ఫైళ్ళ జాబితా ఇస్తుంది, అందులో ఉన్నవి ఎవరికీ అక్కరలేనివే కనుక అన్నిటినీ ఎంచుకుని ఒక్కసారిగా తొలగించండి, విషయసూచికలో లేని టాపిక్, అంటే సహాయ పేజీ, ఎలాగూ పాఠకుడి కంట పడదు, ప్రాజెక్టు బరువు తగ్గుతుంది, పొరపాటు జరిగినా ఫైళ్ళ పాత రూపాలను దాచిపెట్టే గిట్‌లో ఉంటుంది.’ విశాఖపట్నంలో, రుషికొండ ఐటీ కొండల మీద ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్న నాకు ఇందులో నిజం కొద్దిగానే కనబడింది, అదీ సలహాదారులు చెప్పిన చోట కాదు.

ముందు ఆ జాబితా అర్థం చూద్దాం. ఒక ఫైలును ‘వాడనిది’ అని సాధనం చెప్పిందంటే, తాను వెదికిన చోట దాని ప్రస్తావన కనబడలేదని మాత్రమే. మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్ అనే రచనా సాధనంలో ‘ఎంచుకున్న విషయసూచికలో లేని టాపిక్‌లు’ అనే నివేదిక ఆ ఒక్క విషయసూచికకే వర్తిస్తుంది. అదే టాపిక్ మరో టార్గెట్ (వెబ్, పీడీఎఫ్ వంటి ఒక్కో అవుట్‌పుట్‌కు పెట్టుకునే అమరిక) వాడుకునే సూచికలో నిక్షేపంగా ఉండవచ్చు. జాబితా కోసం సొంతంగా స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాసుకున్నవారి చిక్కులు వేరు. ఫైలు పేరులోని ఖాళీ లింకులో %20గా మారి ఉంటుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడాను విండోస్ పట్టించుకోదు గాని, అక్షరానికి అక్షరం పోల్చే స్క్రిప్టు పట్టించుకుంటుంది. టాపిక్‌లను మాత్రమే చదివే స్క్రిప్టుకు, పేజీల రూపురేఖలు నిర్ణయించే స్టైల్‌షీట్ నేపథ్యంగా పిలుచుకునే బొమ్మ గాని, జావాస్క్రిప్ట్ నడుస్తున్నప్పుడు పేరు కూర్చుకుని తెరిచే ఫైలు గాని ఎప్పటికీ తెలియవు.

అన్నిటికన్నా ప్రమాదం సందర్భ సహాయంతో వస్తుంది. అప్లికేషన్‌లోని ఒక తెర మీద ఎఫ్1 నొక్కినప్పుడు ఒక గుర్తింపు సంఖ్య హెల్ప్‌కు చేరుతుంది. దాన్ని ఫలానా టాపిక్‌కు ముడిపెట్టేది అలియాస్ ఫైలు. కొన్ని అప్లికేషన్లలో ఆ ముడి కూడా ఉండదు, పేజీ చిరునామానే నేరుగా కోడ్‌లో రాసేస్తారు. ఆ కోడ్ డెవలపర్ల రిపాజిటరీలో, అంటే వాళ్ళ కోడ్ దాచుకునే చోట, ఉంటుంది. మన సాధనం ఆ గడప తొక్కదు. లోగడ నేను పనిచేసిన ఒక సంస్థలో ఓడరేవు సరుకుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌కు హెల్ప్ రాసేవాళ్ళం. కొత్తగా చేరిన సహోద్యోగి ఒకరు శుక్రవారం సాయంత్రం జాబితా మొత్తాన్ని తుడిచేసి బిల్డ్ (ఫైళ్ళ నుంచి అవుట్‌పుట్ తయారుచేసే ప్రక్రియ) నడిపితే, ఒక్క హెచ్చరిక కూడా లేకుండా పూర్తయింది. లోపల లింకే లేనప్పుడు తెగడానికి ఏముంది? సోమవారం ఉదయం బెర్తు కేటాయింపు తెరలో సహాయం అడిగినవారందరికీ పేజీ దొరకలేదన్న సందేశమే ఎదురైంది. తప్పు ఆయనదని నేను అనను. జాబితాకు పెట్టిన పేరే అలా నమ్మించింది.

విషయసూచికలో లేనిది పాఠకుడికి కనబడదన్న మాట పీడీఎఫ్ వంటి ముద్రణ అవుట్‌పుట్‌కు చెల్లుతుంది. వెబ్ అవుట్‌పుట్‌లో, కండిషన్ ట్యాగులతో (ఏది ఏ అవుట్‌పుట్‌లో చేరాలో చెప్పే గుర్తులతో) మినహాయించని ఫైళ్ళన్నిటినీ చేర్చే అమరిక ఉన్నప్పుడు, అనాథ టాపిక్ కూడా వెళ్ళి సర్వర్‌లో కూర్చుంటుంది, శోధనలో పైకి తేలుతుంది. ఎప్పుడో మారిపోయిన పద్ధతిని పాఠకుడు దాన్నుంచి నేర్చుకుంటాడు. శుభ్రం చేయవలసిన అసలు కారణం ఇదే, సలహాదారులు మాత్రం దీన్నే లేదంటున్నారు.

పోనీ, జాబితా మొత్తం తీసేస్తే ప్రాజెక్టు శుభ్రపడుతుందా అంటే అదీ లేదు. కాలం చెల్లిన రెండు టాపిక్‌లు ఒకదానికొకటి లింకు ఇచ్చుకుంటే, ఒకరికొకరు జామీను నిలబడ్డ దివాలాదారుల్లాగా, రెండూ ‘వాడుకలో ఉన్నవి’గానే చెలామణి అవుతాయి, లింకుల లెక్క మీద నడిచే ఏ జాబితాలోనూ అవి రావు. ఒక టాపిక్‌ను తీసేసిన తరువాతనే దాని బొమ్మలూ స్నిపెట్‌లూ (పలు టాపిక్‌లలో తిరిగి వాడుకునే ముక్కలు) వాడనివిగా బయటపడతాయి కనుక, ఒక్క విడతలో పని తెమలదు.

బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. పని ఫోల్డరు తేలికవుతుంది, అనవసరపు టాపిక్‌లు పోతే బిల్డ్ కూడా కొంత త్వరపడవచ్చు. గిట్ చరిత్రలో మాత్రం పాత బొమ్మలన్నీ అలాగే ఉంటాయి. వాటిని తీయాలంటే చరిత్రనే తిరగరాయాలి, అప్పుడు బృందంలో అందరూ కొత్తగా క్లోన్ (ప్రాజెక్టు పూర్తి నకలు) చేసుకోవలసి వస్తుంది.

గిట్‌లో ఉంటుందన్న ధైర్యానికీ హద్దులున్నాయి. గిట్ పట్టించుకోనక్కరలేదని మనమే మినహాయించిన ఫోల్డర్ల ఫైళ్ళు అందులో ఎన్నడూ లేవు. ఉన్నవాటిని తిరిగి తెచ్చుకోవాలన్నా ఏది పోయిందో ముందు తెలియాలి, ఆ కబురు సాధారణంగా వినియోగదారుడే మోసుకొస్తాడు.

ఆ సోమవారం తరువాత మా పద్ధతి మారింది. తొలగింపుకు ముందు డెవలపర్ల దగ్గర గుర్తింపు సంఖ్యల జాబితా తీసుకుని అలియాస్ ఫైలుతో సరిచూస్తాం. హెల్ప్ చిరునామాల కోసం కోడ్‌లో వెదికిస్తాం. సర్వర్ లాగ్‌లో ఏ పేజీకి ఇంకా రాకపోకలున్నాయో చూస్తాం. ఒక్కో ఫోల్డరును విడి కమిట్‌గా (గిట్‌లో విడిగా నమోదయ్యే మార్పుగా) తొలగించి, అన్ని టార్గెట్‌లనూ బిల్డ్ చేసి, ముందటి అవుట్‌పుట్‌తో ఫైళ్ళ పేర్లను పోలుస్తాం. తీసేయబోయే పేజీకి లాగ్‌లో రాకపోకలు కనబడితే, పాత చిరునామా నుంచి కొత్త పేజీకి దారి మళ్ళించి మరీ తీస్తాం.