అద్దం మీద ఒక మైలేజీ, రోడ్డు మీద ఒక మైలేజీ

మన ఊళ్లలో ఎవరు కొత్త బండి కొన్నా, చూడ్డానికి వచ్చినవాళ్లు చుట్టూ ఒకసారి తిరిగి అడిగే మాట ఒకటుంది: "ఎంతిస్తోందండీ?" అమెరికా వెళ్లినా మనవాళ్లకు ఆ అలవాటు పోలేదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్‌లలో తెలుగువాళ్ల ఇళ్ల ముందు కూడా ఇప్పుడు ఫుల్‌సైజ్ పికప్ ట్రక్కులు కనిపిస్తున్నాయి. అక్కడ ఆ ప్రశ్న వేస్తే చాలామంది షోరూమ్‌లో బండి అద్దానికి అంటించి ఉన్న స్టిక్కర్ మీది అంకె చెబుతారు. అది చెప్పినంత మైలేజీ రోడ్డు మీద రాదని కొన్న నెలకే తెలిసిపోతుంది.

మా సంపాదక వర్గంలో ఒకరు కిందటి వేసవిలో అలాంటి ట్రక్కే కొన్నారు. స్టిక్కర్ మీద హైవే మైలేజీ గ్యాలన్‌కు 23 మైళ్లు, మన లెక్కలో లీటరుకు 9.8 కిలోమీటర్లు. పిల్లలతో పడమటి టెక్సాస్ చూద్దామని డాలస్ నుంచి బయల్దేరేటప్పుడు ట్యాంకు నింపి, మీటరు రీడింగు పాకెట్ డైరీలో రాసుకున్నారు. ఆయన తండ్రి స్కూటర్‌కు ఏళ్ల తరబడి వేసిన ఫుల్ ట్యాంకు లెక్కే ఇది. స్పీడు లిమిట్ ఎంత ఉంటే అంతలోనే, గంటకు 75 మైళ్లలోనే నడిపారు. మిడ్‌ల్యాండ్ చేరాక నాజిల్ టక్కుమని ఆగేదాకా మళ్లీ పట్టిస్తే 18.1 గ్యాలన్లు పట్టింది. నడిచింది 332 మైళ్లు. భాగిస్తే గ్యాలన్‌కు 18.3 వచ్చింది. లీటరుకు 7.8 కిలోమీటర్లన్నమాట. డ్యాష్‌బోర్డు మీద తెర మాత్రం 19.6 అని చూపిస్తూనే ఉంది. స్టిక్కర్ ఒకటి, తెర ఒకటి, పంపు ఒకటి చెబితే, డబ్బులు మాత్రం పంపు చెప్పినదానికే కట్టాలి.

ఇందులో ఎవరూ దొంగలెక్క రాయనక్కర్లేదు. తేడా పరీక్ష పద్ధతిలోనే ఉంది. స్టిక్కర్ మీది అంకెలు రోడ్డు మీద పుట్టినవి కావు. బండిని ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన వేగాల ప్రకారం నడిపిస్తారు. పరీక్షలు చాలావరకు తయారు చేసిన కంపెనీలే చేసుకుంటాయి. పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, వాటిలో కొన్నింటిని మిచిగన్‌లోని యాన్ ఆర్బర్ ల్యాబ్‌లో మళ్లీ చేసి చూస్తుంది. హైవే పరీక్ష 1970ల నాటిది. పది మైళ్ల పైచిలుకు దూరం, సగటు వేగం గంటకు 48 మైళ్లు, ఎంత పెంచినా 60 దాటదు, ఏసీ వేయరు. గరిష్ఠ వేగం 55 మైళ్లని దేశమంతా చట్టం పెట్టుకున్న రోజుల్లో అది సరిపోయి ఉండవచ్చు. ఇవాళ పడమటి టెక్సాస్‌లో ఐ-10 హైవే మీద 80 మైళ్ల బోర్డులున్నాయి. ఆస్టిన్ దిగువన 130 నంబరు టోల్ రోడ్డు మీద ఒక భాగంలో 85 దాకా అనుమతి ఉంది.

ఈపీఏ ఈ సంగతి గుర్తించకపోలేదు. 2008 మోడళ్ల నుంచి 80 మైళ్ల వేగం దాకా వెళ్లే పరీక్ష, ఏసీ వేసి చేసే పరీక్ష, గడ్డకట్టే చలిలో చేసే పరీక్ష చేర్చి మొత్తం ఐదు చేసింది. దాంతో స్టిక్కర్ మీది అంకెలు కొంత దిగివచ్చాయి. అది మంచి సంస్కరణ, ఒప్పుకుంటాం. కానీ ప్రతి మోడల్‌కూ ఐదు పరీక్షలూ చేయాలని లేదు. సిటీ, హైవే అనే పాత రెండు పరీక్షల ఫలితాల నుంచి ఒక సూత్రం ప్రకారం తగ్గించి చెప్పినా చాలు. మామూలు సెడాన్ కారుకు ఆ తగ్గింపు దాదాపు సరిపోతుంది. అసలు చిక్కు పికప్‌కే వస్తుంది.

ఎందుకంటే అది గాలిని చీల్చుకుపోయే బండి కాదు, గాలిని నెట్టుకుపోయే బండి. ఎత్తైన బానెట్, నిటారు గ్రిల్, నేలకు బాగా ఎత్తున అడుగుభాగం, వెనక తెరిచి ఉన్న తొట్టి. గాలి నిరోధం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 మైళ్ల నుంచి 75కి వెళ్తే వేగం పెరిగేది నాలుగో వంతే, గాలి ఆపే బలం మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. ల్యాబ్ పరీక్ష సగటు వేగం 48తో పోలిస్తే 75 దగ్గర అది దాదాపు రెండున్నర రెట్లు. చిన్న కారుకు ఇది చిన్న నష్టం. గోడంత ముఖం ఉన్న ట్రక్కుకు ఇదే పెద్ద ఖర్చు.

పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారూ ఉన్న హైబ్రిడ్ ట్రక్కు అంకెలు చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 2021లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్, ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి స్టిక్కర్ మీద సిటీలోనూ 24, హైవే మీదా 24. ఊళ్లో బ్రేకు వేసినప్పుడల్లా పోయే శక్తిని బ్యాటరీ తిరిగి పట్టుకుంటుంది. హైవే మీద గాలికి పోయిన శక్తిని ఏ బ్యాటరీ పట్టుకోలేదు. ఊళ్లో తిరిగేవాళ్లకు ఆ బండి లాభం. రోజూ ఎనభై మైళ్ల వేగంతో దూరాలు పోయేవాళ్లకు హైబ్రిడ్ కోసం పెట్టిన అదనపు డబ్బు తిరిగి రావడం కష్టం. ఈ సంగతి డీలర్ దగ్గర ఎవరూ విడమరిచి చెప్పరు.

తొట్టి వెనక తలుపు దించి నడిపితే గాలి సాఫీగా పోయి మైలేజీ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. నిజం తలకిందులు. తలుపు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడిలా నిలబడి, పైనుంచి వచ్చే గాలిని దాని మీదుగా జారనిస్తుంది. దించితే ఆ సుడి చెదిరిపోతుంది. తొట్టి మీద గట్టి కవరు వేస్తే కాస్త ఉపయోగం. బండిని ఎత్తు పెంచి, లావుపాటి ఆఫ్-రోడ్ టైర్లు వేయిస్తే మాత్రం స్టిక్కర్‌ను ఇక మరిచిపోవచ్చు. చలికాలంలో కాలేజీ పిల్లలకు బండి ఇచ్చే తల్లిదండ్రులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 20 డిగ్రీల ఫారన్‌హీట్ (మైనస్ 7 సెల్సియస్) చలిలో ఊళ్లో నడిపితే, 77 డిగ్రీలున్న (25 సెల్సియస్) రోజుతో పోల్చినప్పుడు మామూలు పెట్రోలు బండి మైలేజీ దాదాపు 15 శాతం పడిపోతుందని అమెరికా ప్రభుత్వ లెక్కే ఉంది.

మమ్మల్ని అన్నిటికంటే బాధపెట్టేది ట్రైలర్ సంగతి. పడవో, క్యాంపర్‌ బండో, వ్యాపార సామానో లాగడానికే చాలామంది ఫుల్‌సైజ్ పికప్ కొంటారు. ప్రకటనల్లో కూడా అదే గొప్ప: ఫోర్డ్ ఎఫ్-150 సరైన ఇంజిన్‌తో 13,500 పౌండ్ల దాకా లాగుతుందంటారు. ఆ మాట ఊరికే అన్నది కాదు. లాగే బరువు నిర్ణయించడానికి ఇంజినీర్ల సంఘం పెట్టిన ఉమ్మడి ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ నుంచి ఎక్కే పొడవైన ఘాట్ రోడ్డును, మండుటెండను, పూర్తిగా తిప్పి పెట్టిన ఏసీని కొలమానంగా తీసుకుని బండి తట్టుకుంటుందా లేదా చూస్తారు. ఎంత బరువు లాగగలదో ఇంత కఠినంగా తేల్చేవాళ్లు, లాగుతున్నప్పుడు ఎంత పెట్రోలు తాగుతుందో మాత్రం ఎక్కడా రాయరు. ఎత్తైన క్యాంపర్ తగిలిస్తే మైలేజీ సగానికి పడిపోవడం మామూలు. గ్యాలన్‌కు పది మైళ్ల లోపు చూసినవాళ్లు ఎందరో. టర్బో, అంటే గాలిని నొక్కి పంపి బలం పెంచే పరికరం, ఉన్న చిన్న ఇంజిన్లకు ఇది మరీ ఎక్కువ: ఖాళీగా నింపాదిగా పోతే పొదుపు, బరువు పడి టర్బో పూర్తిగా పనిచేస్తే ఆ పొదుపంతా ఆవిరి.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మొత్తం బరువు సామర్థ్యం, అంటే బండీ సామానూ మనుషులూ కలిపి ఉండదగ్గ బరువు, 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకు మైలేజీ స్టిక్కరే అక్కర్లేదు. ఎఫ్-250, సిల్వరాడో 2500 లాంటి పెద్ద ట్రక్కులు షోరూమ్‌లో అన్ని వివరాలతో నిలబడతాయి, ఎంతిస్తుందన్నది తప్ప. అందరికంటే ఎక్కువ తాగే బండికి ఎంత తాగుతుందో చెప్పే బాధ్యత లేకపోవడం ఏం న్యాయం? ఈ లెక్కలో 6,000 పౌండ్లు దాటిన బండైతే టాక్స్‌లో వ్యాపార ఖర్చుగా రాసుకోవచ్చని విని చిన్న వ్యాపారాలు చేసే మనవాళ్లు కొందరు పెద్ద బండి వైపు చూస్తున్నారు. టాక్స్ లాభం ఒక్కసారే. పంపు దగ్గర బిల్లు వారం వారం వస్తుంది.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, అమెరికాలో మైలేజీ చట్టానికి కోరలు పీకేశారు. 1973 అరబ్ దేశాల చమురు నిషేధం తర్వాత, 1975లో ఆ దేశ కాంగ్రెస్ కార్ల కంపెనీలకు సగటు మైలేజీ హద్దులు పెట్టింది, స్టిక్కర్‌నూ తప్పనిసరి చేసింది. హద్దు తప్పితే జరిమానా. ట్రక్కులకు మొదటినుంచీ హద్దు సడలింపుగానే ఉండేది. అమెరికన్లు కార్ల నుంచి ట్రక్కులకు మళ్లడానికి అదీ ఒక కారణం. 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ జరిమానాను సున్నా చేసింది. హద్దు కాగితం మీద ఉంది, తప్పినవాడికి శిక్ష లేదు. కంపెనీ మీద ఒత్తిడి లేనప్పుడు కొనేవాడికి మిగిలిన రక్షణ ఆ స్టిక్కర్ ఒక్కటే. అందుకే అది నిజం చెప్పాలని మేము పట్టుబడుతున్నాం.

పెద్ద ఇంజిన్ వద్దని మేము అనడం లేదు. 2025 మోడల్‌లో తీసేసిన హెమీ వీ8 అనే ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్‌ను కొనేవాళ్లు అడిగారని ర్యామ్ కంపెనీ 2026 మోడల్‌కు తిరిగి తెచ్చింది. గ్యాలన్‌కు సగటున 12 మైళ్లిచ్చే ర్యామ్ టీఆర్‌ఎక్స్ పికప్‌నూ ఇష్టపడి కొన్నవాళ్లున్నారు. తెలిసి కొంటే అది వాళ్ల ఇష్టం, వాళ్ల డబ్బు. తెలియక కొన్నవాళ్ల గురించే మా దిగులు.

లెక్క తప్పితే పట్టుకోలేమనీ కాదు. 2012లో హ్యుందాయ్, కియా కంపెనీలు స్టిక్కర్ అంకెలు ఎక్కువ వేశామని ఒప్పుకుని తగ్గించుకున్నాయి. బండిని వేగంగా పోనిచ్చి న్యూట్రల్‌లో వదిలేసి గాలి, టైర్ల నిరోధం కొలిచే పరీక్షలో తప్పు జరిగింది. 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టాయి. వాళ్లు ఒప్పుకున్న మరుసటేడే, అంటే 2013లోనే, ఫోర్డ్ కూడా తన సీ-మ్యాక్స్ హైబ్రిడ్ కారు స్టిక్కర్‌ను 47 నుంచి 43కు దించింది. నిఘా ఉంటే అంకె దిద్దుకుంటుంది.

మేము అడిగేది పెద్ద కోరికేమీ కాదు. పికప్‌ల స్టిక్కర్ మీద సిటీ, హైవే పక్కన 75 మైళ్ల స్థిర వేగానికి ఇంకో అంకె వేయించాలి. 80 దాకా వెళ్లే పరీక్ష ఎలాగూ ఉన్నదే కాబట్టి కొత్త ల్యాబ్ కట్టక్కర్లేదు. లాగే బరువు గురించి ప్రకటన ఇచ్చే ప్రతి ట్రక్కుకూ, ఒకే కొలత ట్రైలర్ తగిలించి వచ్చిన మైలేజీ రాయాలి. 8,500 పౌండ్ల మినహాయింపు తీసేయాలి.

ఇంకొకటి, స్టిక్కర్ మీద ఇప్పటికే ఉన్నదే. 100 మైళ్లకు ఎన్ని గ్యాలన్లు అన్న లెక్క చిన్న అక్షరాల్లో ఒక మూల ఉంటుంది. దాన్ని పెద్ద అక్షరాల్లోకి తేవాలి. గ్యాలన్‌కు ఇన్ని మైళ్లన్న లెక్క మన కళ్లను మోసం చేస్తుంది. 30 నుంచి 40కి పెరిగితే పది మైళ్లు, 15 నుంచి 18కి పెరిగితే మూడే మైళ్లు. వినడానికి మొదటిదే గొప్ప. 100 మైళ్లకు లెక్కవేస్తే మొదటి బండి మిగిల్చేది 0.8 గ్యాలను, రెండోది మిగిల్చేది 1.1. అంటే పికప్ కొనేవాడికి మూడు మైళ్ల తేడా చిన్నకారు వాడికి పది మైళ్ల తేడా కన్నా ఎక్కువ. ఏడాదికి 15,000 మైళ్లు తిరిగే ట్రక్కు 20 ఇస్తుందనుకుంటే 17 ఇచ్చిందంటే, 132 గ్యాలన్లు అదనం. గ్యాలన్ 3 డాలర్లు అనుకున్నా దాదాపు 400 డాలర్లు. బండి పదేళ్లు ఉంటుంది.

స్టిక్కర్ మారేదాకా కొనేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. డీలర్‌ను టెస్ట్ డ్రైవ్ హైవే మీదే ఇమ్మనండి, 75 దగ్గర పావుగంట నిలకడగా నడపండి. తెర మీది అంకెలో ఒకటి తీసేసి చూసుకోండి. అదే బండి వాడుతున్న తెలిసినవాళ్లు ఉంటే తెర చూసి చెప్పమనకండి, పంపు రసీదులు చూపించమనండి.

మా సహచరుడు తిరుగు ప్రయాణంలో 65 దాటకుండా వచ్చారు. పోయేటప్పుడు ఎదురైన పడమటి గాలి ఈసారి వెనకనుంచి తోడొచ్చింది. డాలస్‌లో మళ్లీ ఫుల్ చేయిస్తే అదే 332 మైళ్లకు 14.9 గ్యాలన్లు పట్టింది. గ్యాలన్‌కు 22.3. రెండు అంకెలూ డైరీలో ఒకే పేజీ మీద, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పక్కన వేగం కూడా రాసుకున్నారు. స్టిక్కర్ మీద లేనిది ఆ చివరి గడి.