టైఫాయిడ్ కొంచెం ఉందండీ

"టైఫాయిడ్ కొంచెం ఉందండీ. మలేరియా ఛాయలు కూడా కనపడుతున్నాయి. మూడ్రోజులు సెలైన్ పెట్టుకుంటే క్లియర్ అయిపోతుంది."

ఈ మాటలు వినని తెలుగు కుటుంబం ఉందంటే, ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ జ్వరం రాలేదన్నమాట. సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా ఒంట్లో చేరి రక్తంలోకి పాకితే వచ్చే జ్వరం టైఫాయిడ్ అని చెప్పి ప్రపంచంలోని పాఠ్యపుస్తకాలు ఊరుకున్నాయి. అందులో కొంచెం, ఓ మోస్తరు, దండిగా అని మూడు రకాలున్నాయని కనిపెట్టిన ఘనత మాత్రం మన మండల కేంద్రాల్లోని ల్యాబులది. ఇంత పరిశోధన రికార్డుల్లోకెక్కకుండా పోవడం అన్యాయం కనుక, ఆ నిర్వచనాలను భావితరాల కోసం భద్రపరచక తప్పడం లేదు.

ముందుగా విడాల్ పరీక్ష. 1896 నుంచి వాడుకలో ఉంది. రక్తంలో క్రిమి ఉందా లేదా అన్న సంగతి దీనికి పట్టదు. క్రిమి మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను మాత్రమే చూస్తుంది. అవి పరీక్షకు అందేంతగా పెరగడానికి వారం, పది రోజులు పడుతుంది. ఇది పుస్తకం మాట. మన నిర్వచనం: జ్వరం వచ్చిన మర్నాడు పొద్దున్నే, వీలైతే పరగడుపున, చేయించుకోవలసిన పరీక్ష.

ఇక టైటర్. సీరాన్ని (రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపు నీటిని) 1:20, 1:40, 1:80, 1:160 అని పలచన చేసుకుంటూ, చంపిన టైఫాయిడ్ క్రిముల ద్రవంతో (అదే యాంటిజెన్) కలుపుతూ పోతే, చిట్టచివరగా ఎక్కడ క్రిములు గుంపులు కట్టాయో అది టైటర్. ట్యూబుల్లో పెట్టి, వెచ్చగా ఉంచి, గంటల తరబడి ఆగి చూడాలి. అంత తీరిక ఎవరికుంది? అందుకని స్లైడ్ పద్ధతి. గాజు పలక మీది వలయంలో 80 మైక్రోలీటర్ల సీరం, దాని మీద ఒక చుక్క యాంటిజెన్ (క్రిమి ఒంటిదైన ఓ అయితే నీలం, దాని తోకలదైన హెచ్ అయితే ఎరుపు), పుల్లతో కలిపి ఒక్క నిమిషం అటూ ఇటూ ఊపి, నిమిషం నిండగానే చూసెయ్యాలి. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది. "ఆఁ, చెప్పు బావా." బావగారి పొలం రిజిస్ట్రేషన్ ఎక్కడ ఆగిందో తేలేసరికి ఏడు నిమిషాలు. ఈలోగా ఫ్యాను గాలికి చుక్క అంచులు ఆరి రవ్వరవ్వగా అయిపోతాయి. పలకను ట్యూబ్‌లైటు కిందికి ఎత్తి ఓ కన్ను మూసి చూస్తే గుంపు కట్టినట్టే ఉంటుంది. ఎంత వేద్దాం? 1:40 వేస్తే పేషెంటు డబ్బులు దండగయ్యాయని గొణుగుతాడు. 1:320 వేస్తే భయపడి పట్నం పోతాడు. 1:80 అయితే అందరికీ క్షేమం. నిజంగా టైటర్ తేల్చాలంటే సీరం 40, 20, 10, 5 మైక్రోలీటర్లకు తగ్గించుకుంటూ మళ్లీ మళ్లీ చేయాలి. పక్కన పాజిటివ్, నెగెటివ్ కంట్రోళ్లు (ఫలితం ముందే తెలిసిన నమూనాలు) కూడా పెట్టి చూడాలి. ఆ కంట్రోల్ సీసాలు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల, మూత కూడా తీయకుండా, చల్లగా ఉన్నాయి.

మన దగ్గర పొలం పనికి పోయే ఆరోగ్యవంతుల్లో కూడా 1:80 కనిపించడం మామూలే. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్, పాత టీకా, వేరే సాల్మొనెల్లా, ఆఖరికి ఇంకేదో జ్వరం, ఏదైనా ఆ అంకె తెప్పించగలదు. పది, పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి, టైటర్ నాలుగు రెట్లు పెరిగితేనే దానికి కాస్త విలువ. మనవాళ్లూ రెండోసారి చేస్తారు, కాదనను. చేసి, "ఇంకా పూర్తిగా పోలేదండీ" అని మరో అయిదు ఇంజెక్షన్లు రాస్తారు. జబ్బు తగ్గాక కూడా యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. ఈ లెక్కన మనిషి ఏడాది పొడుగునా కొంచెం టైఫాయిడ్‌తోనే బతుకుతాడు.

బ్లడ్ కల్చర్: యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే పెద్దవాళ్లకైతే 8-10 మిల్లీలీటర్ల రక్తం తీసి, క్రిమిని పెంచి, ఏ మందుకు లొంగుతుందో కూడా చెప్పే పరీక్ష. పదిమందిలో నలుగురిని ఇదీ పట్టుకోలేకపోవచ్చు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల్లో ఎన్ని సెలైన్లు ఎక్కించవచ్చో లెక్క తెలిసినవాళ్లు కాబట్టి మన నిఘంటువులోంచి ఈ మాట ఎత్తేశారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఆ 1:80 కాగితం పట్టుకుని టైఫాయిడ్‌కిచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ పొడిపించుకుంటున్న మనిషికి ఉన్నది స్క్రబ్ టైఫస్ (పురుగు కాటుతో వచ్చే వేరే జ్వరం) అయితే? ఆ మందు దానిమీద పనిచెయ్యదు. ఎన్ని గ్రాములు ఎక్కించినా పనిచెయ్యదు! చిన్న నల్లి లాంటి పురుగు కుట్టినచోట, చంకలోనో గజ్జల్లోనో నడుము దగ్గర బట్ట బిగిసేచోటో, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉండవచ్చు. అందరికీ ఉండదు, ఉన్నా నొప్పి పుట్టదు, అందుకే పేషెంటు చెప్పడు. చూడాల్సింది ఎవరు? ఆరు వలయాల పలక మీద లేని గుంపులు చూడగలిగిన కళ్లకు, ఎదురుగా పడుకున్న మనిషి చంక కనపడదా? చొక్కా విప్పమనడానికి ఏ కిట్టు కావాలి? వారం గడిచి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కిడ్నీలు దెబ్బతిని ఐసీయూకి మోసుకెళ్తుంటే అప్పుడు కూడా సిగ్గులేకుండా "టైఫాయిడ్ ముదిరిందండీ" అంటారే, ఎవరు ముదరబెట్టినట్టు?

మొదట్లోనే పోల్చుకుంటే పెద్దవాళ్లకు స్క్రబ్ టైఫస్ మందు డాక్సీసైక్లిన్, 100 మిల్లీగ్రాముల మాత్ర, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, వారం రోజులు. ఒక్క సెలైన్ ఎక్కించి పుచ్చుకునే డబ్బుతో కోర్సు మొత్తం వచ్చేస్తుంది.